మట్టయ్య చేసిన విమానం పైపు

మట్టయ్యది నల్గొండ జిల్లా, మునుగోడు దగ్గర ఒక పల్లె. లారీ క్లీనరుగా హైదరాబాదు చేరి, అక్కడా ఇక్కడా పని నేర్చుకుని, చివరికి ఎల్బీనగర్‌లో సాగర్ రోడ్డు మళ్ళే చోట చిన్న దుకాణం పెట్టుకున్నాడు. టిప్పర్లకూ జేసీబీలకూ ఆయిలు మోసే హోస్ పైపులు పగిలిపోతే, కొలత ప్రకారం కొత్త పైపు కోసి, రెండు చివరలా ఇనుప బిగింపులు ఎక్కించి ఇవ్వడం అతని పని. భార్య అండాలమ్మ పక్కనే కూర్చుని పైపులు కొలిచేది, సామాను చూసుకునేది. మట్టయ్య కట్టిన పైపు మళ్ళీ దుకాణానికి తిరిగి రాదని డ్రైవర్లలో పేరుంది. ఆ పేరంటే అతనికి ప్రాణం.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో ఎవరో మట్టయ్య పేరు చెబితే భానుమూర్తి ఆ దుకాణానికి వచ్చాడు. ఆయనది కాకినాడ. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరై దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాడు. చేతిలో నీళ్ళ పైపు ముక్క లాంటిదేదో పట్టుకుని, ఇలాంటిదానికి బిగింపు వెయ్యగలవా అని అడిగాడు.

"ఏ బండికి సార్?"

"బండి కాదు మట్టయ్యా, విమానానికి."

మట్టయ్య నవ్వాడు. భానుమూర్తి నవ్వలేదు. ఆ ఆదివారం అతణ్ణి మీర్‌పేట్ తీసుకెళ్ళి ఒక రేకుల షెడ్డు తలుపు తీశాడు. లోపల నిజంగానే విమానం ఉంది. ఇద్దరు కూర్చునే చిన్నది. రెక్కలు విడిగా గోడకు ఆనించి ఉన్నాయి. బెంగళూరులో ఒక ముసలి పైలట్ పోతూ పోతూ ఇచ్చిన పాత ఇంజను, ముందుభాగంలో కూర్చోబెట్టి ఉంది. మిగతాదంతా భానుమూర్తి తన చేత్తో కట్టుకున్నదే. ఎగరడానికి అనుమతులూ అవీ తర్వాతి మాట, ముందు ఇంజను నేలమీద తిరిగితే చాలన్నాడాయన.

మట్టయ్య ఆ ఇంజను మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అతను అక్కడే. భానుమూర్తి భార్య సీతామహాలక్ష్మి ఫ్లాస్కులో కాఫీ తెచ్చేది. మట్టయ్యకు కాఫీ అలవాటు లేదు, అయినా తాగేవాడు.

ఇంధనానికీ ఆయిలుకూ పైపులు వెయ్యాల్సిన రోజు వచ్చింది. భానుమూర్తి అమెరికా నుంచి తయారుగా ఉన్నవి తెప్పిద్దామన్నాడు. ఒక్కో పైపూ పరీక్ష చేసి, చీటీ కట్టి పంపుతారట.

"గంత దూరంకెల్లి ఎందుకు సార్? నేన్ జేస్త."

"నీ పని మీద అనుమానం కాదయ్యా. లారీ పైపు పగిలితే లారీ పక్కకి ఆగుద్ది. ఇది ఎక్కడ ఆగుద్ది చెప్పు?"

ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ రోజుల్లో మట్టయ్య పొద్దున దుకాణం తెరిచే ముందు చౌరస్తాలోని దీక్షా శిబిరంలో కాసేపు కూర్చునేవాడు. మన కొలువులు మనకు, మన చేతులకు పని అని అక్కడ వింటున్న మాటలు అతని ఒంట్లోకి ఎక్కాయి. పుట్టినప్పటి నుంచీ పడుతున్న చిన్నచూపుకు ఇన్నాళ్ళకు జవాబు దొరికినట్టుండేది.

"మా చేతులు లారీలకే పనికొస్తయా సార్?" అన్నాడు.

భానుమూర్తి అతని ముఖంలోకి చూశాడు. సరే, నువ్వే చెయ్యి అన్నాడు. ఇష్టపడి అన్నాడో, ఆ రోజుల్లో ఆ చోట ఒక ఆంధ్రా మనిషి కాదనలేక అన్నాడో మట్టయ్యకు అప్పుడు తెలియలేదు.

సామాను ముంబై నుంచి వచ్చింది. రబ్బరు పైపు మీద ఉక్కు తీగల అల్లిక. చివర బిగింపును మరలాగా తిప్పుతూ పైపులోకి ఎక్కించాలి. ఆయిలు బాగా పూసి, వంకర పోకుండా తిప్పాలి. లేదంటే ఆ ఇనుప మొన లోపలి రబ్బరును చెక్కేస్తుంది. చెక్కిన పొర లోపలే నాలుకలా వేలాడి దారికి అడ్డం పడుతుంది. అది బయటికి కనిపించదు. అందుకని పైపు పూర్తయ్యాక ఒక చిన్న బేరింగ్ గోళీని ఇవతలి నుంచి వేసి అవతలికి దొర్లించి చూడాలి. ఇదంతా భానుమూర్తి చెప్పాడు, మట్టయ్య శ్రద్ధగా విన్నాడు. ఇంధనం పైపులు తీరిగ్గా, ఎంతో అందంగా చేశాడు. ఒక్కోదానిలో గోళీ వేసి, అవతలి చివర అండాలమ్మ చేత పట్టించాడు.

మిగిలింది ఆయిలు పైపు. అప్పటికి సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, కరెంటు ఉండీ లేకా ఉంటోంది. ఒక ఉదయం చౌరస్తాలో రాస్తారోకో ఉందని కబురొచ్చింది. అదే రోజు ఇంజను తిప్పుదామని భానుమూర్తి ఫోను చేశాడు. రెండు చోట్లా తాను లేకపోతే ఎలా అనుకున్నాడు మట్టయ్య. హడావుడిగా పైపు చేస్తుంటే రెండో చివర గట్టిగా పట్టేసింది. ఆయిలు సరిపోలేదు. తీసి మళ్ళీ ఎక్కించడానికి ఓపిక లేక బలంగా తిప్పాడు. లోపల ఏదో గీరుకున్నట్టు మణికట్టుకు తెలిసింది. బయట డప్పు మోగుతోంది. పైపు సంచిలో వేసుకుని రోడ్డెక్కాడు.

సాయంత్రం షెడ్డులో భానుమూర్తి అడిగాడు. "గోళీ వేసి చూశావా?"

"సూసిన సార్."

పైపు బిగించారు. ఇంజను మొదటి ఊపులోనే అందుకుంది. షెడ్డు రేకులన్నీ అదిరాయి. సీతామహాలక్ష్మి చెవులు మూసుకుని నవ్వుతోంది. భానుమూర్తి కళ్ళల్లో నీళ్ళు. ఇంజను వేడెక్కాక, ఆయిలు ఒత్తిడి చూపే ముల్లు ఒక్కసారిగా కిందికి వాలింది. ఆయన చెయ్యి స్విచ్చు మీద పడేలోపే లోపల కీచుమని చప్పుడై, ఏదో విరిగినట్టయి, ఇంజను బిగుసుకుపోయింది. అలాంటి ఇంజను ఆయన మళ్ళీ సంపాదించలేడు. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

సార్, గా పైపుల… అని మట్టయ్యకు నోటిదాకా వచ్చింది. అప్పుడు భానుమూర్తి ఇటు తిరిగాడు.

"మీవాళ్ళకి జెండాలు పట్టుకు తిరగడం తప్ప ఏం చేతనవుద్ది? అందుకే ఇలా ఉన్నారు!"

"ఏవండీ!" అంది సీతామహాలక్ష్మి.

మట్టయ్య నోట్లోని మాట అక్కడే ఆగిపోయింది. లోపల వణుకుతున్నదేదో గట్టిపడింది. చేతిలోని పానా నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు శిబిరంలో చెప్పాడు. ఆయన అన్న మాట చెప్పాడు, పైపు సంగతి చెప్పలేదు. విన్నవాళ్ళ ముఖాలు ఎర్రబడ్డాయి. భుజం తట్టారు. తమ్ముడూ, గిందుకే కొట్లాడుతున్నం అన్నాడొక పెద్దాయన. వారం తిరక్కుండా షెడ్డు తలుపు మీద ఎవరో తారుతో 'గో బ్యాక్' అని రాశారు. మట్టయ్య పనిమీద అటు పోతూ చూశాడు. సీతామహాలక్ష్మి ఒక్కతే కిరసనాయిలు గుడ్డతో ఆ అక్షరాలు తుడుస్తోంది. మట్టయ్య బండి ఆపలేదు.

ఇంట్లో అండాలమ్మ ఊరుకోలేదు.

"గా పైపుల గోళి ఏసి సూసినవా?"

"సూసిన అన్నగద."

"గోళి నా డబ్బలనే ఉండె. నువ్వు అడగనే లేదు."

మట్టయ్య కంచం ముందు నుంచి లేచాడు. "ఆయన మనల్ని గంత మాట అన్నడు. గది ఇనవడలేదా నీకు?"

"ఇనవడ్డది. మస్తు మండింది. గది యేరే, గిది యేరే."

ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అతను మాత్రం ఆ అవమానాన్ని ఆరిపోనివ్వకుండా కాపాడుకుంటూ వచ్చాడు. అది చల్లబడితే దాని వెనకున్నది కనిపిస్తుందని భయం. పైపు చేస్తున్నప్పుడల్లా మణికట్టులో ఆ గీరుడు తగిలేది.

తెలంగాణ వచ్చింది. ఎల్బీనగర్ అంతా పటాకులు, గులాలు. మట్టయ్య కూడా చిందేశాడు. ఏడ్చాడు కూడా. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు గనుక ఎవరూ ఎందుకని అడగలేదు. కొన్నాళ్ళకు, ఎవరికీ చెప్పకుండా, దిల్‌సుఖ్‌నగర్‌లో భానుమూర్తి ఇంటికి వెళ్ళాడు.

భానుమూర్తి బాగా చిక్కిపోయాడు. గుమ్మంలోనే నిలబడి చూశాడు. విమానం ఏదో కాలేజీవాళ్ళు తీసుకుపోయారట, ఆవరణలో బొమ్మలా నిలబెట్టడానికి.

"సార్, గా దినం నేను గోళి ఏసి సూడలే. అబద్ధం చెప్పిన."

"తెలుసు. మర్నాడే పైపు కోసి చూశాను. లోపల రబ్బరు పొర నాలుకలా వేలాడుతోంది."

మట్టయ్య తెల్లబోయాడు. "మరి ఎవ్వరికీ చెప్పకపోతిరి?"

"ఎవరికి చెప్పను? చెబితే ఈ ఊళ్ళో ఎవరు నమ్ముతారు?" ఆయన గొంతు పెరగలేదు. "ఇన్నాళ్ళూ రానివాడివి ఇప్పుడొచ్చావేం? రాష్ట్రం వచ్చేసింది కదా, ఇక బరువు దించుకుందామనా?"

మట్టయ్య కదల్లేదు. తన వంతు తను చెప్పాడు, ఆయన వంతు వినాలని నిలబడ్డాడు. చివరికి తనే అడిగాడు. "మీరు గప్పుడన్న మాట సార్…"

"అనకూడదు. ఇంజను పోయిన కోపంలో అన్నాను." భానుమూర్తి తలుపు రెక్క మీద చెయ్యి వేశాడు. "అసలు పైపులు కొనకుండా నీ చేత చేయించింది ఎందుకో తెలుసా? నువ్వు బాధపడతావని. నీ మొహం చూసి నా ఇంజను పోగొట్టుకున్నాను. వెళ్ళు మట్టయ్యా."

లోపలి నుంచి సీతామహాలక్ష్మి ఎవరండీ అని అడిగింది. ఎవరూ లేరన్నాడాయన. తలుపు మూసేశాడు.

మెట్రో పనులకు తవ్విన రోడ్డు పక్కగా మట్టయ్య కొత్తపేట దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కాడు. ఇంటికొచ్చి అండాలమ్మకు అంతా చెప్పాడు. ఆమె "ముందుగాల్నే పోవాలె నువ్వు" అని మాత్రం అంది.

దుకాణం బాగానే నడిచింది. టిప్పర్లు పెరిగాయి. కానీ దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి పని వస్తే మాత్రం మట్టయ్య పోయేవాడు కాదు. పైపు సంచిలో పెట్టుకుని అండాలమ్మే పోయి ఇచ్చి వచ్చేది.