సజ్జా మీద పసుపు

మా ఇంటి సజ్జా మీద ఆ రోజు పది బండ్ల పసుపు ఉందని చాలామందికి చెప్పాను. నిజానికి ఒక్క బండి కూడా నిండదు. కానీ అది ఉడకబెట్టిన తడి పసుపు. దాని బరువు మోసినవాడికే తెలుస్తుంది.

అరవైల్లో నిజామాబాద్ అంచున నేను కట్టుకున్న ఇంటికి పెంకుల్లేవు, దూలాల్లేవు. దాన్ని గీసినాయన మా పక్కనున్న మాక్లూర్ మనిషే, బొంబాయిలో చదివొచ్చిన ఆర్కిటెక్ట్. మా వైపు కాపుల ఇళ్లకు చదును స్లాబు, గోడంత కిటికీలు తెచ్చిన మొదటివాడు. వాకిలి మీద మనిషి పొడవు సజ్జాను ఒక్క స్తంభమూ లేకుండా ముందుకు చాచాడు. మా అమ్మ చాలా రోజులు దాని కిందికి రాలేదు. "పడదు అవ్వా, నా మాట నమ్ము" అని ఆయన చెప్పాకే అక్కడ మంచం వేయించుకుంది.

పైన ఏం ఆరబెడతారని ఆయన అడగలేదు. మేమూ చెప్పలేదు. శుభ్రమైన సిమెంటు నేల కనపడితే పసుపు రైతు ఊరుకుంటాడా? ఎండ ఎక్కువసేపు నిలిచేది సజ్జా మీద. అక్కడే కుప్ప పోశాం.

ఆ మధ్యాహ్నం ఆయన బోధన్ బెల్లం వ్యాపారి ఒకాయనను మా ఇల్లు చూపించడానికి తీసుకొచ్చాడు. నచ్చితే బోధన్‌లో ఆర్కిటెక్ట్ కట్టే మొదటి ఇల్లు ఈ వ్యాపారిదే. నేను సజ్జా కొసన నిలబడి పసుపు తిరగేస్తున్నాను. కింద అమ్మ మంచం మీద ఉంది.

ఆర్కిటెక్ట్ గేటు దగ్గరే ఆగిపోయాడు. కొస కిందికి వంగింది. నా వెనక, గోడ వెంబడి గీత పడింది. చెయ్యి దూరే పగులని చెబుతుంటాను గాని, గోరు కూడా దూరదు.

"అన్నా, ఉరుకకు. కూసో. పాక్కుంట గోడ దిక్కు రా," అన్నాడు నెమ్మదిగా. తర్వాత మా అమ్మ వైపు తిరిగి, "అవ్వా, నువ్వు బయటికి రా."

"పడదంటివి గద బిడ్డా?"

వ్యాపారి ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

"పడదనే అన్న అవ్వా. గిప్పుడు నాకే భయమైతున్నది. లే."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా," అంటూ ఆమె చెప్పులు వెతుక్కుంది. అవి దొరికాకే బయటికొచ్చింది. నేనే దూకి ఆమెను ఎత్తుకొచ్చానని మనవలకు చెప్పాను. నేను అప్పటికి స్లాబు మీద బోర్లా పడి ఉన్నాను.

ఇంట్లోవాళ్లూ పైకొచ్చాక, అలా పడుకునే, పొడుగు కర్రల గొర్రులతో పసుపునంతా కొస నుంచి లోపలికి లాగాం. సజ్జా నిలిచింది. వ్యాపారి వెళ్లిపోయాడు. ఆర్కిటెక్ట్ మెట్ల మీద కూర్చుండిపోయాడు, చాయ్ ముట్టలేదు.

కొన్నాళ్లకు వ్యాపారి తన భార్యనూ ఆర్కిటెక్ట్‌నూ వెంటబెట్టుకుని మళ్లీ మా ఇంటికొచ్చాడు. "భయమైతే భయమైందని చెప్పిండు. గసొంటాయనతోనే కట్టించుకుంట," అన్నాడు. ఆర్కిటెక్ట్ ఆయన భార్య వైపు తిరిగాడు.

"అక్కా, మిద్దె మీద మీరేమేం ఆరబోస్తరు?"

ఆ తర్వాత ఏ ఇంటికైనా ఆయన మొదటి ప్రశ్న అదే. ఆ రోజు ఆమె మిరపకాయలతో మొదలుపెట్టింది. ఆమె చెప్పడం అయ్యేసరికి ఆయన వాళ్లింటికని ముందే గీసుకొచ్చిన నక్షాను మడిచి జేబులో పెట్టుకున్నాడు.