బావ చదివిన రెండు నిమిషాల వార్త

మా బావ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, చీకటి గదిలో కూర్చుని జనానికి వెలుగు చుక్కలు చూపిస్తాడు, దానికి జీతం తీసుకుంటాడు అని చెప్పేదాన్ని. వినేవాళ్ళు నవ్వేవారు, బావ కూడా నవ్వేవాడు. ఈమధ్య ఆ మాట అనడం మానేశాను.

ఆయన మా అక్క భర్త, ఒక పెద్ద కంటి ఆసుపత్రిలో టెక్నీషియన్. గదికి కిటికీ లేదు, తలుపుకు నల్ల తెర. లోపల పెద్ద తెల్లటి గిన్నెను పక్కకు పడేసినట్టు ఒక యంత్రం. వచ్చినవాళ్ళు దాని ముందు గడ్డం ఆనించి, ఒక కన్ను మూయించుకుని, చేతిలో బటన్ పట్టుకుని కూర్చోవాలి. "ఎదురుగా ఉన్న పసుపు దీపాన్నే చూడండి. పక్కన ఎక్కడైనా చుక్క మెరిస్తే నొక్కండి. చుక్క కోసం వెతక్కండి. కనబడితేనే నొక్కండి." ఈ నాలుగు ముక్కలు రోజుకు నలభైసార్లు చొప్పున ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాడు. నిద్రలో కూడా "రెప్ప వెయ్యొచ్చు, తల కదపొద్దు" అంటాడని మా అక్క ఫిర్యాదు.

పరీక్ష అయ్యాక యంత్రం ఒక పటం అచ్చు వేస్తుంది. చూపు ఉన్నచోట తెలుపు, పోయినచోట నలుపు. ఆ కాగితం ముందుగా చూసేది బావే. చూసిన సంగతి చెప్పే అధికారం మాత్రం ఆయనకు లేదు. "ఎలా ఉంది బాబూ?" అని ముసలివాళ్ళు చెయ్యి పట్టుకుని అడుగుతారు. "డాక్టరుగారు చెబుతారండీ" అంటాడు. తెలిసిన చెడ్డ కబురును రోజంతా నోట్లో పెట్టుకు తిరగడం ఎంత అలసటో, సాయంత్రం ఆయన చెప్పులు విప్పే తీరు చూస్తే తెలుస్తుంది. ఒకటి విప్పి, రెండోది విప్పడం మరిచిపోయి అలాగే కూర్చుంటాడు.

అలాంటి మనిషికి ఆదివారం వస్తే ప్రాణం లేచివచ్చేది. మా చర్చి సంఘంలో ప్రకటనలకు ముందు అయిదు నిమిషాలు ఆయనవి. ఆ వారం విజ్ఞానశాస్త్రంలో వచ్చిన వార్తను మామూలు మాటల్లో చెప్పి, దాన్నిబట్టి ప్రార్థన చేయించాలి. పాత పాస్టరుగారు పెట్టిన ఏర్పాటు అది. "దేవుడు చేసినదాన్ని ఎవరైనా కాస్త దగ్గరగా చూసి వచ్చి చెబితే, వినడం కూడా ఆరాధనే" అనేవారాయన. బావకు ఆ మాట మనసులో నాటుకుపోయింది. ఏ వార్తకైనా నాలుగు ప్రశ్నలు వేసుకుని, జవాబులు దొరికాకే నోట్‌బుక్కులో రాసుకునేవాడు. ఎవరు చేశారు? దేనిమీద చేశారు, మనుషులా జంతువులా? ఎంతమంది మీద? మనదాకా రావడానికి ఎన్నాళ్ళు?

ఒకసారి తనంతట తనే ప్రసంగాలు రాసే కంప్యూటర్ల గురించి చెప్పాడు. గడియారాలు బాగుచేసే తాతగారు, మా సంఘ పెద్ద, లేచి నిలబడి "అయితే దానికి బాప్తిస్మం ఇవ్వాలంటావా?" అని అడిగారు. "నీళ్ళలో ముంచితే పాడైపోతుందండీ" అన్నాడు బావ. ఆ రోజు నవ్వినంత మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు మేము.

మా సంఘానికి ఇంకొక అలవాటుంది. మంచి వార్త విన్నాక అందరూ లేచి మూడుసార్లు స్తోత్రం చెబుతారు. ఒకసారి స్తోత్రం చెల్లించామంటే ఆ మేలు చేతికి అందినట్టే లెక్క. తర్వాత దాన్ని శంకించడం అవిశ్వాసం. బావ నాలుగో ప్రశ్న ఉన్నంతకాలం ఈ అలవాటు వల్ల నష్టమేమీ రాలేదు. "ఇంకా పదేళ్ళు పడుతుంది" అని ఆయన చెప్పాక జనం పదేళ్ళ దూరంలో ఉన్నదానికే, తొందరపడకుండా, కృతజ్ఞత చెప్పేవారు.

పాత పాస్టరుగారు పోయాక కొత్తాయన వచ్చారు. చెడ్డవారు కారు, హడావిడి మనిషి. అయిదు నిమిషాలు రెండయ్యాయి. "అన్నయ్యా, మీరు ఇచ్చేది మీరే వెనక్కి లాక్కుంటున్నారు. ఇన్నేళ్ళు పడుతుంది, ఇంకా రుజువు కాలేదు, ఇవన్నీ ఎందుకు? జనం అలసిపోయి వస్తున్నారు. వాళ్ళకు ఆశ ఇచ్చి పంపండి" అన్నారు. బావ అసలే నోట్లో నాలుక లేని మనిషి. సరేనని తలూపాడు.

ఆ నెలలో ఆసుపత్రిలో మరో టెక్నీషియన్ మానేశాడు. నలభైమంది అరవైమంది అయ్యారు. శనివారం బస్సులో నిలబడే రాసుకున్నాడట ఆ వార్త. ఎండిపోయిన కంటి నరం ఒక ఇంజెక్షన్‌తో మళ్ళీ చిగురించిందని, పోయిన చూపు కొంత తిరిగి వచ్చిందని. ఆదివారం గట్టిగా చదివాడు. "కనుక్కున్నది మనుషులు, అక్కడ దాచిపెట్టింది దేవుడు" అని ముగించాడు. అంతా లేచి మూడుసార్లు స్తోత్రం అన్నారు. ఆ ఇంజెక్షన్ ఇచ్చింది ఎలుకలకు. ఆ ఒక్క మాట వదిలేశాడు. మరిచిపోయి కాదు. కాగితం మీద ఉంది. రెండు నిమిషాలు అయిపోతున్నాయి, పాస్టరుగారు గడియారం వైపు చూస్తున్నారు, బావకేమో ఓపిక లేదు.

ఆ స్తోత్రానికి వెనక కీబోర్డు వాయించింది మా అమ్మ.

అమ్మకు నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని కొద్దికొద్దిగా తినేసే జబ్బు. తిన్నది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ఎడమ కన్ను అప్పటికే సగం పోయింది. కుడి కన్ను నిలబెట్టడానికి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. బావ చదివిన ఆ ఇంజెక్షన్ వార్త విన్న మర్నాడే ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ వద్దని చెప్పేసింది. నాతో మాత్రం "డాక్టరుగారే వాయిదా వేశారే" అంది. బావతోనూ అదే మాట. ఆయన ఉన్న భవనం వేరు, ఆపరేషన్లు జరిగే భవనం వేరు. అత్తగారు అబద్ధమాడుతుందని ఏ అల్లుడు అనుకుంటాడు?

ఆయన్ని అంటున్నాను కానీ, అమ్మతో ఒకే ఇంట్లో ఉన్నది నేను. బడిలో లెక్కలు చెబుతాను. అయిదు నెలలు పరీక్ష పేపర్ల మధ్య తల దూర్చుకుని, అలమరలో కంటి చుక్కల సీసా సీలు కూడా తియ్యకుండా ఉండటం చూడలేదు. గ్లాసు అందుకోబోయి పక్కన తడిమినప్పుడు "నెమ్మదమ్మా" అన్నాను. అంతకన్నా ఆలోచించలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

చివరికి బావే పట్టుబట్టి ఒక మధ్యాహ్నం పరీక్షకు రమ్మన్నాడు. నేనూ వెళ్ళాను. తెర వేశాడు. అమ్మ గడ్డం ఆనించింది. నాలుగు ముక్కలూ చెప్పాడు, అందరికీ చెప్పినట్టే ఆమెకూ. మొదట ఎడమ కన్ను, తర్వాత కుడి. ఎడమ కంటికి టిక్కు అన్నదే లేదు. కుడి కంటికి మాత్రం అమ్మ బటన్ నొక్కుతోంది. టిక్, టిక్, టిక్. తాళం తప్పకుండా నొక్కుతోంది. ముప్పై ఏళ్ళు సంఘానికి వాయిద్యం వాయించిన చెయ్యి కదా. నాకు సంతోషం వేసింది. ఫరవాలేదు, ఆ కంటికి చూపు బాగానే ఉందనుకున్నాను.

బావ యంత్రం ఆపేశాడు.

"అత్తయ్యగారూ, మధ్యలో చుక్కలు రాకుండా యంత్రం ఆగుతుంది. అప్పుడు కూడా నొక్కుతున్నారు."

"అలాగా?"

"కనబడి నొక్కుతున్నారా?"

అమ్మ గడ్డం తియ్యలేదు. ఆ గిన్నెలోకి చూస్తూనే చెప్పింది. "కనబడటం లేదు బాబూ. మీ గదిలో, మీ చేతిమీదుగా నలుపు పటం రావడం నాకిష్టం లేదు. మీరు బాధపడతారు."

తర్వాత మిగతాదీ చెప్పింది. ఫోన్ సంగతి, కంటి చుక్కలు మానేసిన సంగతి. "సంఘమంతా లేచి స్తోత్రం చెప్పారు. వెనక వాయించింది నేను. అంతా అయ్యాక వెళ్ళి కత్తి కింద పడుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదూ? మీ అంతటివారు చదివి చెప్పారు. ఇవాళో రేపో వస్తుందని చూస్తున్నాను."

"అవి ఎలుకలండీ" అన్నాడు బావ.

"ఏవి?"

"ఇంజెక్షన్ ఇచ్చింది ఎలుకలకి. ఆ మాట నేను చదవలేదు."

అమ్మ అప్పుడు గడ్డం తీసి, బటన్ ఒళ్ళో పెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. బయట జనం వరసలో ఉన్నారని కూడా చూడకుండా "ఇన్నేళ్ళు ఎలుకలా మనుషులా అని అందరినీ విసిగించి, మా అమ్మ దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోయిందా?" అని అరిచాను. ఆయన తల వంచుకుని మళ్ళీ బటన్ అమ్మ చేతిలో పెట్టాడు. "ఈసారి కనబడితేనే నొక్కండి అత్తయ్యగారూ. ఎంత తక్కువైనా సరే." ఆ ఏడు నిమిషాల్లో టిక్కులు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే. పటం వచ్చింది. ఎడమ కంటిది మొత్తం నలుపు. కుడి కంటిది ముక్కువైపంతా నలుపు. నేను ఎలా ఉందని అడగలేదు. ఆయనా డాక్టరుగారు చెబుతారనలేదు.

ఆ వారమే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. సవరణ చెప్పాలన్నాడు. "మన సంఘ పత్రికలో చిన్న అక్షరాల్లో వేద్దాం అన్నయ్యా. వేదిక మీద చెబితే విశ్వాసం బలహీనపడుతుంది" అన్నారాయన. ఈసారి బావ తల ఊపలేదు. ఆదివారం తన వంతు రాగానే లేచి, కాగితం లేకుండా నిలబడ్డాడు. ఆయన గొంతు ఎప్పుడూ మెల్లనే, ఆ రోజు ఇంకా మెల్లగా ఉంది.

"అయిదు నెలల కిందట కంటి నరం వార్త చదివాను. అది ఎలుకల మీద జరిగింది. మనుషులకు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, అసలు వస్తుందో రాదో కూడా తెలియదు. తెలిసే ఆ మాట వదిలేశాను. దానివల్ల మనలో ఒకరికి చూపు పోయింది. తప్పు నాది. మందులు మానినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళండి."

గడియారాల తాతగారు లేచారు. "స్తోత్రం చెల్లించాక వెనక్కి తీసుకుంటామా? అది దేవుడితో పరాచికాలాడటం కాదూ?"

"వెనక్కి తీసుకోమనడం లేదండీ. బైబిల్లో ప్రభువు ఒక గుడ్డివాడి కళ్ళమీద చెయ్యి పెట్టి, ఏమైనా కనబడుతోందా అని అడిగారు. బాగానే ఉందని ఆ మనిషి మర్యాదకు అనలేదు. మనుషులు నడిచే చెట్లలా కనబడుతున్నారన్నాడు. ప్రభువుకు కోపం రాలేదు, మళ్ళీ చెయ్యి పెట్టారు. సగమే కనబడుతోందని చెప్పడం అవిశ్వాసమైతే ఆ రోజు ఆయన అలా అడిగేవారే కాదు." చివరగా, "స్తోత్రం ఎలుకల తరఫున చెప్పండి. వాటికి నిజంగానే చూపు వచ్చింది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు, స్తోత్రమూ చెప్పలేదు. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. అమ్మ కీబోర్డు ముందు కూర్చుని ఉంది. వేళ్ళు మీటల మీద పెట్టి, చాలాసేపు నొక్కకుండా ఉండిపోయింది. తర్వాత అందరికీ వినబడేలా "ఎవరికో ఒకరికి వచ్చింది కదా. స్తోత్రం" అని, పాట ఎత్తుకుంది. పుస్తకం చూడకుండానే వాయించింది. అసలు ఎన్ని వారాలుగా చూడకుండా వాయిస్తోందో మాకెవరికీ తెలియదు.

ఆపరేషన్ అయింది. కుడి కంటిలో మిగిలినది మిగిలింది, డాక్టరుగారు అంతకుమించి మాట ఇవ్వలేదు. ఆదివారపు వార్త పద్ధతి ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు, బావ కూడా మళ్ళీ అడగలేదు. ఆసుపత్రిలో అరవైమందికీ అవే నాలుగు ముక్కలు చెప్పి, సాయంత్రం మా ఇంటికి వచ్చి అమ్మ దగ్గర ఒక గంట కూర్చునేవాడు. వేళ తప్పకుండా చుక్కలు వేసేవాడు. ఆ పని అయ్యాక కుర్చీ ఆమె ఎడమపక్కకు జరుపుకుని కూర్చునేవాడు. మాటలు తక్కువ. నేను లోపల పేపర్లు దిద్దుకుంటూ, అలసిపోయి వచ్చాడు కదా, ఏ పక్క కూర్చుంటే ఏమిటిలే అనుకునేదాన్ని.

అలా మూడు వారాలు గడిచాయి. ఒకరోజు అమ్మ గొంతు వినబడింది.

"బాబూ, నా పటం మీ చేత్తోనే తీశారు కదా. నాకు ఎటు కనబడదో మీకు తెలియదా?"

నా చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఆయనకు తెలుసు. మా అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. తెలిసే రోజూ ఆ కుర్చీని ఆమెకు కనబడని పక్కకు జరుపుకుంటున్నాడు.

"ఇంకా ఎన్నాళ్ళు అక్కడ కూర్చుంటారు? కుడిపక్కకి రండి" అంది అమ్మ. "నాకు ఉన్నది అంతే చూపు. అందులో మీరు కూడా లేకపోతే ఎలా?"

కుర్చీ ఈడ్చిన చప్పుడు వినబడింది. నేను లేచి చూసేసరికి బావ ఆమె కుడిపక్కన, తల పూర్తిగా పైకెత్తలేక, కూర్చుని ఉన్నాడు. అమ్మ ఆయన వైపే చూస్తోంది.