తనుకికి వచ్చిన గురువుగారి పోలిక

ఉజిహారా గారి పనిశాలలో పొద్దున్నే మొదట వినబడేది చిగుసా చీపురు చప్పుడు. షిగరకి ఊళ్లో మట్టి పని చేసే ప్రతి ఇంట్లోనూ అంతే, శిష్యరికం చీపురుతోనే మొదలవుతుంది. ఊడ్చడం అయ్యాక ఆమె కుండలు కాల్చే ఆవం పక్కన గూట్లో ఉన్న అగ్నిదేవుడికి చిటికెడు ఉప్పు, గుప్పెడు బియ్యం, బుల్లి గిన్నెలో సాకె అనే బియ్యపు సారా పెట్టేది. చేతులు జోడించి, "స్వామీ, ఇవాళ ఏదీ పగలకుండా చూడు. పగలక తప్పకపోతే నాది పగలనీ, గురువుగారిది వద్దు" అని మొక్కుకునేది. ఆ తర్వాతే మట్టి ముట్టుకునేది.

అంతకుముందు చిగుసా బడిపిల్లలకు వంట చేసేది. పిల్లలు తినేసి వెళ్లాక ఖాళీ గిన్నెలను తిప్పి తిప్పి చూసుకునే అలవాటు ఒకటి ఉండేది. ఆ అలవాటే ముదిరి, ముప్పై నాలుగో ఏట ఉద్యోగం మానేసి ఉజిహారా గారి గుమ్మం ముందు వంగి దండం పెట్టింది. ఆరేళ్లు గడిచాయి.

ఉజిహారా గారు చెప్పి నేర్పే మనిషి కారు. ఆయన గురువు ఆయనకేమీ చెప్పలేదట, ఆ గురువుకు పైగురువూ చెప్పలేదట. శిష్యులన్నవాళ్లు చూసి నేర్చుకోవాలి. చూద్దామంటే ఆయన కుమ్మరి సారె గోడవైపు తిరిగి ఉండేది. చిగుసాకు కనబడేది వీపు. చేతులు వీపుకు అవతల ఎక్కడో ఉండేవి. ఇక ఆమెకు మిగిలింది ఆయన ముఖం. తను చేసిన గిన్నె తీసుకెళ్లి ముందు పెట్టి, ఆ ముఖాన్నే చదివేది. ఎడమ కనుబొమ లేస్తే అంచు మందంగా ఉందని. కింది పెదవి ముందుకొస్తే అడుగు బరువెక్కిందని. ముక్కుపుటాలు రెండూ ఉబ్బితే, ఆ గిన్నెను మళ్లీ నీళ్లతొట్టిలో పడేసి ముద్ద చేసుకోమని. ఆరేళ్లలో ఆమె కన్నతల్లి ముఖాన్ని కూడా అంత శ్రద్ధగా చూసి ఎరగదు.

ఆ యేడు వసంతంలో పక్క ఊరి ఇసోనో అవ్వ తన పాముచేపల హోటలుకు మరమ్మతులు చేయించి, గుమ్మంలో నిలబెట్టడానికి మనిషంత తనుకి కావాలని కబురు పెట్టింది. తనుకి అంటే కుక్కలాంటి ఓ అడవి జంతువు; దాని మట్టిబొమ్మ షిగరకి వాళ్లకు కులదైవానికి మేనల్లుడి లాంటిది. తలమీద గడ్డిటోపీ, చేతిలో సాకె సీసా, గుండ్రటి కళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన బొజ్జ, నవ్వు మొహం. దుకాణం ముందు నిలబెడితే గిరాకీని పిలుచుకొస్తుందని నమ్మకం. బొజ్జ కింద ఇంకో సంగతి కూడా ఉంటుంది, బొజ్జకు ఏమాత్రం తీసిపోకుండా. దాన్ని చూసినవాళ్లు నవ్వుతారు, వర్ణించమంటే దగ్గుతారు. మనమూ దగ్గి ముందుకు పోదాం.

కబురు వచ్చిన రోజు ఉజిహారా గారు టీ తాగుతూ ఎన్నడూ లేనిది నోరు విప్పారు. "ఇది నువ్వు చెయ్యి. కాళ్ల నుంచి టోపీ దాకా. కుదిరితే నీ పేరు చెక్కుకో."

చిగుసా చేతిలో ముల్లంగి ఊరగాయ ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ పనిశాలలో ఏం చేసినా దానిమీద పడేది గురువుగారి ముద్రే. శిష్యులు తమ పేరు చెక్కుకున్నారంటే చదువు పూర్తయినట్టు, సొంత సారె పెట్టుకోవచ్చన్నట్టు. కుదరకపోతే తనుకి తొట్టిలోకి, చిగుసా చీపురు దగ్గరికి. అంత పెద్ద బొమ్మలు అడిగేవాళ్లు ఏ కాలానికో గానీ రారు.

మట్టిని తాళ్లలా పేని, చుట్టమీద చుట్ట పెట్టి కాళ్లు లేపింది. అవి బిగిశాక బొజ్జ, బొజ్జ బిగిశాక ఛాతీ. గురువుగారి భార్య తొమోయె గారు రోజూ ఏదో ఒక వంకతో వచ్చి, ఉప్పులో ఊరిన పుల్లటి పండు లోపల పెట్టిన అన్నం ముద్ద సారె పక్కన వదిలి, "మిగిలిపోయిందమ్మా, పారేయలేక తెచ్చాను" అనేది. వేడిగా పొగలు కక్కుతూ మిగిలిపోయే అన్నం ఆ ఇంట్లోనే ఉండేది.

తల పెట్టి, ముఖం దిద్దడం పూర్తయిన రోజు మట్టి లారీ మత్సుగి వచ్చాడు. బస్తా భుజాన వేసుకుని లోపలికి అడుగుపెట్టి, తనుకి ముందు ఠక్కున ఆగి నడుం వంచాడు.

"దండం గురువుగారూ! బస్తాలు ఎక్కడ దింపమంటా..." అని తలెత్తి చూసి, బస్తా కింద పడేశాడు. "అక్కా! ఇదేంటక్కా!"

"ఏమైంది? బీటలు పడిందా?" చిగుసా పరిగెత్తుకొచ్చింది.

"బీటలేమిటి, గురువుగారే! ఆ కనుబొమ చూడు! ఆ పెదవి చూడు! ఒక్క చెవులు తప్ప..." మత్సుగి బస్తామీద కూలబడి పొట్ట పట్టుకున్నాడు. "లేదులే, చెవులు కూడా!"

చిగుసా నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. గడ్డిటోపీ కింద నుంచి ఉజిహారా గారు సాకె సీసా పట్టుకుని ఆమెవంక చూస్తున్నారు. ఎడమ కనుబొమ లేచి ఉంది. కింది పెదవి ముందుకొచ్చి ఉంది. ముక్కుపుటాలు రెండూ ఉబ్బి ఉన్నాయి. ముఖమంటే ఆమె చేతులకు తెలిసింది అదొక్కటే మరి.

"ఒరే తమ్ముడూ, ఎవరితోనూ అనకురా."

"నేననక్కర్లేదక్కా, అదే చెబుతోంది!"

నవ్వు విని తొమోయె గారు వచ్చింది. చూసింది. కొంగు లాంటిది లేదు గనక వంటింటి గుడ్డ నోట్లో కుక్కుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ, "పెళ్లిచూపుల్లో అచ్చం ఇలాగే కూర్చున్నారమ్మా. సీసా ఒక్కటే తక్కువ" అంది.

"అమ్మగారూ, మారుస్తాను. తడిగానే ఉంది, మారుస్తాను" అని చిగుసా పనిముట్టు అందుకుంది. కనుబొమ దించింది. దించితే ఆయన నిద్రమత్తులో ఉన్నట్టు తయారైంది. పెదవి లోపలికి నొక్కింది. అది పళ్లు కట్టించుకోకముందు ఆయన. చెంపలు లావు చేస్తే కొత్త సంవత్సరం పండక్కి బియ్యపు ముద్దలు ఎక్కువ తిన్న ఆయన. ఎటు తోసినా మట్టి ఆయన దగ్గరికే పోతోంది.

అంతలో ఆయనే వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని, తనుకికి ఎదురుగా ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గర నిలబడ్డారు. ఒకే ముఖం రెండుసార్లు కనబడుతుంటే మత్సుగి లారీ దగ్గర పనున్నట్టు బయటికి పరిగెత్తాడు.

"వీడెవడు?" అన్నారు ఉజిహారా గారు.

చిగుసా పనిముట్టును వీపు వెనక్కి దాచుకుంది.

"ఇంత చిరాకు మొహం ఎక్కడ చూశావు? వీడు గుమ్మంలో నిలబడితే హోటలుకు ఎవరొస్తారు? వచ్చినవాళ్లు తిన్నది కూడా అరగదు."

"నిజమేనండీ, మాకు అరగడం లేదు" అంది తొమోయె గారు.

"నవ్వించు వీణ్ని. ఎల్లుండి అవ్వ చూడ్డానికొస్తుంది. అప్పటికీ ఇలాగే ఉంటే తొట్టిలో వేసెయ్." ఆయన వెళ్లిపోయారు.

ఆ రెండు రోజులూ చిగుసా తనుకిని నవ్వించింది. పెదవుల కొసలు పైకి లాగింది, కళ్లు గుండ్రంగా చేసింది. కప్పి ఉంచిన తడిగుడ్డ తీసి తొమోయె గారికి చూపించి, "ఇప్పుడో అమ్మగారూ?" అని ఆశగా అడిగింది.

తొమోయె గారు చాలాసేపు చూసి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "రెండో గ్లాసు సాకె తర్వాత" అంది మెల్లగా.

అవ్వ వచ్చే రోజు పొద్దున అగ్నిదేవుడికి బియ్యం రెండు గుప్పిళ్లు పడ్డాయి.

ఇసోనో అవ్వ మత్సుగి లారీలో వచ్చింది. మహా మర్యాదస్తురాలు. కళ్లద్దాలు మాత్రం హోటల్లో పాముచేపల తొట్టి పక్కన మరిచిపోయి వచ్చింది. ఉజిహారా గారు మంచి బట్టలు కట్టుకుని, తనుకి పక్కనే నిటారుగా, ఉలకక పలకక నిలబడి ఉన్నారు. అవ్వ తడుముకుంటూ లోపలికొచ్చి, తనుకికి ఎదురుగా నిలబడి, నడుం విరిగేలా వంగింది.

"ఉజిహారా గారూ, ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. ఇంతసేపూ నిలబడే ఎదురు చూశారా? ఎంత పెద్ద మనసు! ఈసారి ముఖంలో కళ వచ్చింది బాబూ, ఎప్పుడూ ఆ చిరాకే చూశాను గానీ."

తనుకి నవ్వుతూనే ఉంది. దాని మౌనం అవ్వకు వింతగా అనిపించలేదు. ఉజిహారా గారు ఎప్పుడు మాట్లాడారు గనక? అవ్వ ఇంకో దండం పెట్టి, ఇటు తిరిగి, అసలు ఉజిహారా గారి బొజ్జమీద అరచెయ్యి వేసింది.

"ఆహా, తనుకి ఎంత బాగా కుదిరింది! బొజ్జ కొంచెం ఎక్కువైందేమో. తగ్గించొచ్చు." రెండుసార్లు తట్టింది. "మెత్తగా ఉందే, ఇంకా ఆరలేదా అమ్మాయ్?"

తొమోయె గారు స్తంభం పట్టుకుని కిందికి జారిపోయింది. మత్సుగి మట్టి బస్తాను కౌగిలించుకుని, దాంట్లో ముఖం దాచుకున్నాడు.

"అవ్వా, అది నేను" అన్నారు ఉజిహారా గారు.

"అమ్మో! మాట్లాడుతోంది!"

మత్సుగి ఆమెను పట్టుకుని కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఉజిహారా గారు తనుకిని చూశారు. గబగబా చేతులు కడిగే చోటికి వెళ్లి అక్కడి అద్దంలో చూసుకున్నారు. మళ్లీ వచ్చి తనుకిని చూశారు. మళ్లీ అద్దం దగ్గరికి వెళ్లారు.

చిగుసా నేలమీద మోకరిల్లి నుదురు ఆనించింది. "కావాలని చేయలేదు గురువుగారూ. ఎంత దిద్దినా మీరే వస్తున్నారు. ఆరేళ్లుగా మీ ముఖం చూసే నేర్చుకున్నాను, చేతులకు ఇంకొకటి రాదు. నేనే పగలగొట్టి తొట్టిలో వేస్తాను."

"పగలగొట్టమని ఎవరన్నారు?" అన్నారాయన అద్దం దగ్గరనుంచి వస్తూ. "ముక్కు సంగతి చెప్పు. నా ముక్కు ఇంత వెడల్పా?"

"అంతేనండీ" అంది తొమోయె గారు కిందినుంచి.

"నువ్వు ఊరుకో. లే చిగుసా. చెయ్యాలనుకుంటే సరిగ్గా చెయ్యి." పీట లాక్కుని, ఆమెకు ఎదురుగా, వెలుతురుకు ముఖం పెట్టి కూర్చున్నారు. "ఈ పక్కనుంచి చూడు. ముక్కులో మట్టి గట్టిగా కూరావు కదూ? లోపలినుంచి తవ్వి బోలు చెయ్, లేకపోతే నిప్పుల్లో పేలి ఊడొస్తుంది. కనుబొమ అతికించే చోట ముందు గీతలు గియ్, తర్వాత మట్టి నీళ్లు రాయ్. నా కనుబొమ ఊడితే నాకెంత సిగ్గు!"

ఆరేళ్లుగా రాని మాటలన్నీ ఆ మధ్యాహ్నం వచ్చాయి. చిగుసా అడిగింది, ఆయన చెప్పారు. గడ్డం దగ్గర మాత్రం కొంచెం సన్నబరచమని బతిమాలారు. ఆమె సన్నబరిచింది. గురుదక్షిణ అనుకోండి.

"మరి నేను ఎవరి పొట్ట తట్టాను?" అని అవ్వ మధ్యలో అడుగుతూనే ఉంది. మత్సుగి ప్రతిసారీ ఓపిగ్గా, "రెండూ ఒకటే అవ్వా, ఏం ఫరవాలేదు" అని చెబుతూనే ఉన్నాడు. అవ్వకు బొమ్మ నచ్చింది. ఆవంలోకి వెళ్లే ముందు ముద్ర పడటమొక్కటే మిగిలింది.

చిగుసా ఆశ వదులుకున్నట్టే ఉంది. గూట్లోంచి గురువుగారి ముద్ర తీసి, రెండు చేతులతో ఆయనకు అందించింది.

ఉజిహారా గారు ఉలిక్కిపడ్డారు. "నా ముద్రా! నాకు మతిపోయిందా? ఉజిహారా తన విగ్రహం తనే చేసుకుని, వచ్చేపోయేవాళ్లంతా బొజ్జ నిమరాలని హోటలు ముందు పెట్టుకున్నాడంటారు. ఊళ్లో తలెత్తుకు తిరగాలా వద్దా? నీ పేరు చెక్కు!"

"నా పేరా?"

"మరి ఇంకెవరిది? చేసింది నువ్వు. అపరాధమూ నీదే. తోక కింద చెక్కు, బాగా కనబడేలా. చూసినవాళ్లకు నేను చేసుకున్నది కాదని తెలియాలి."

పరువు కోసమే అన్నారో, పరువు అడ్డం పెట్టుకుని అన్నారో ఆ అగ్నిదేవుడికే తెలియాలి. తొమోయె గారికి కూడా తెలుసు కాబోలు, వేడి అన్నం ముద్దలు తేవడానికి లోపలికి వెళ్లిపోయింది. ఈసారి మిగిలిపోయిందన్న మాట అనలేదు.

చిగుసా తనుకి వెనక్కి వెళ్లి కూర్చుని పుల్ల పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, తోక ఎక్కడుందో కనబడటం లేదు. మొదటి గీత వంకరపోయింది.

"ఇంకొంచెం లోతుగా" అన్నారు గురువుగారు, ఆమె భుజం మీదుగా వంగి. "పైపైన గీస్తే ఆవంలో పూడిపోతుంది. పేరు చదవలేక మళ్లీ నేనే చేసుకున్నాననుకుంటారు."