ఏదీ కాని గడి

పలమనేరు టమోటా మండీలో ఏళ్ల తరబడి కాయలను సైజుల వారీగా ఏరి వేరు చేసిన చేతులు కృపామణివి. ఇప్పుడు తిరుపతిలో ఒక కంపెనీలో కంప్యూటరు ముందు కూర్చుని, మెదడు ఫోటోల్లో కనిపించే కణాలను ఆకారం చూసి రకాలుగా వేరు చేస్తోంది. నక్షత్రంలా ఉన్నది ఒక రకం, పొడుగు తోక ఉన్నది ఇంకో రకం. మెదడులో ఏ రకం కణం ఎక్కడుందో చూపించే పటం తయారు చేయడానికి ఈ పని కావాలట. సాయంత్రానికి కళ్లు మండుతాయి, మెడ పట్టేస్తుంది.

ఆ రోజు, ఆమె పని సరిచూసే జోయల్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"అక్కా, 'ఏదీ కాదు' అనే గడి ఖాళీగా ఉండాది. నీకు అంతుపట్టని కణం ఒకటీ రాలేదా?"

"శానా వచ్చినాయి. దేనికి దగ్గరుంటే దాంట్లో ఏసేసినాను. మండీలో కాయ మిగిల్చినామంటే, పని రాదని ఇంటికి పంపిస్తారబ్బా."

"ఇవి టమోటాలు కాదుక్కా. కొత్త రకం ఉంటే ఆ మిగిలినవాటిలోనే దొరికేది. అన్నీ కలిపేస్తే ఇంక యాడ ఎతికేది?"

"అయితే ఈ నెలంతా చేసింది?"

"మళ్లా చూడాల్సిందే."

కృపామణి లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. మొదటి ఫోటో తెరిచింది. నక్షత్రంలా లేనిది, తోకా లేనిది ఒకటి కనిపించింది. చేయి అలవాటుగా నక్షత్రాల వైపే పోయింది. దాన్ని ఆపుకుని, పని రానిదానిలా సిగ్గుపడుతూనే ఆ కణాన్ని ఖాళీ గడిలో వేసింది. తర్వాతి దాని దగ్గరా అంతే కష్టమైంది.