రేణిగుంటకు గంట ప్రయాణం

నవంబరు, మూడో గురువారం. మా ఊరు ఐరాలలో, ఇంట్లో ఉన్నవాళ్లు: మంచం మీద మా అక్క, ఆమె తల దగ్గర నా భార్య, కిటికీ పక్కన నేను. రావలసినవాడు మా తమ్ముడు.

రాత్రి గడవడం కష్టమని పొద్దున డాక్టరు చెప్పి వెళ్లాడు. అమ్మ పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది అక్కే. వాణ్ణి ఒక్కసారి చూడాలి, అంతే ఆమె అడిగింది. ఒంటిగంటా నలభైకి హైదరాబాదులో విమానం కదులుతోందని వాడు ఫోన్ చేశాడు.

నేను సర్వేయరుగా రిటైరైనవాణ్ణి, కొలవనిదే ఏదీ నమ్మను. స్కూలు అట్లాసులో శంషాబాదు నుంచి రేణిగుంటకు కుట్టుదారం బిగించి, స్కేలు మీద పెట్టి చూశాను. సుమారు నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నెమ్మది కాబట్టి గంట పడుతుంది. దారం మీద పది నిమిషాలకొక సిరాచుక్క పెట్టుకున్నాను.

"యాడికొచ్చినాడురా?" కళ్లు మూసుకునే అడిగేది అక్క.

"శ్రీశైలం దాటినాడక్కా." కాసేపటికి, "బద్వేలు." రెండూ ముప్పై అయిదుకు, "కోడూరు. ఇంగ దిగేస్తాడు."

"దిగలేదు. సుట్టూ తిరగతా ఉండాడు. కిందంతా తెల్లంగా ఉండాది."

"ఏనాడన్నా ఇమానం ఎక్కినావా నువ్వు?"

"నువ్వెక్కినావా? దారం పట్టుకోని చెప్తా ఉండావు!"

నా భార్య నవ్వింది. అక్క నవ్వలేదు. దుప్పటి మీద వేలితో నిదానంగా ఒక సున్నా చుట్టింది. మళ్లీ ఒకటి. మూడోది చుట్టి వేలు ఆపి, "సముద్రం కనిపిస్తా ఉండాదిరా," అంది. తిరుపతి దాటి ఎటూ పోని మనిషి. అలవాటు కొద్దీ టైము వేసి ఆ మాట డైరీలో రాశాను.

మూడూ ఇరవైకి తమ్ముడి ఫోన్. "మద్రాసులో దిగినామన్నా. రేణిగుంటలో మబ్బుకు రన్‌వే కనపడలేదంట. మూడు సుట్లు తిప్పి, సముద్రం మీదుగా ఈడికి తెచ్చినారు."

డైరీ మూసేశాను. మళ్లీ తెరవాలనిపించలేదు.

"ఆడ్నించి ఎంతసేపురా?" అంది అక్క. ఫోన్ నా చెవికే ఆనించి ఉంది, నేనింకా ఒక్క మాటా చెప్పలేదు.

రోడ్డు లెక్క నాకు కొట్టిన పిండి. "నాలుగు గంటలక్కా. ఏడున్నరకు ఈడుంటాడు."

"ఏడున్నర దాకా ఉంటాలే," అంది, బస్సు కోసం కూర్చున్నదానిలా.

వానను నేను లెక్కలో వేయలేదు. ఆరున్నరకు, వాగు రోడ్డెక్కిందనీ కార్లన్నీ ఆపేశారనీ తమ్ముడు చెప్పాడు. ఆ మాట అక్కతో అనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె ఊపిరి అప్పటికీ సమంగా, ఎవరో కొలిచి పోస్తున్నట్టు ఆడుతోంది.

గంట తర్వాత, "అయిందా?" అంది అక్క.

"ఏడున్నర, వదినా," అంది నా భార్య.

అక్క కళ్లు తెరిచి వాకిలి వైపు చూసింది. మళ్లీ ఊపిరి తీయలేదు.

మరుసటి పొద్దున తమ్ముడు బురద కాళ్లతో వచ్చాడు. ఆమె చేయి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"ఎన్నింటికి వస్తానని చెప్పినావన్నా?"

చెప్పాను.

"తెల్లారి అని చెప్పింటే ఉండునే," అన్నాడు. గొంతులో కోపం లేదు.

వాకిట్లో పాడె కడుతున్న ఒకాయన లోపలికి తొంగిచూసి, "ఎన్నింటికి ఎత్తాలప్పా?" అని నన్ను అడిగాడు. నేను తమ్ముడి వైపు చూపించాను.