లింగమ్మ బెండు

నేరేడుచర్ల అవతల ఒక ఊరి పెద్దచెరువులో చేపలు పట్టే ఇళ్లవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఏటా వేసవి ముందు ఒక్కో ఇంటి వల నుంచి, దాన్ని నీళ్ల మీద తేల్చే ఒక్కో బెండు తీసి, గుర్తు పెట్టి, కుండలో వేస్తారు. ముందుగా ఎవరి బెండు చేతికొస్తే ఆ వేసవికి మడుగు వాళ్లది. చెరువంతా ఎండినా మడుగులో నిలువెత్తు నీళ్లుంటాయి, చేపలన్నీ అక్కడికే చేరతాయి. ఒకసారి మడుగు దక్కిన ఇంటి బెండు, మిగతా అందరికీ వంతు వచ్చేదాకా మళ్లీ కుండ మొహం చూడదు.

2010లో లింగమ్మకు ఆ అదృష్టం పట్టింది. పెనిమిటి బతికుండగా రాలేదు, పోయాక కూడా ఏళ్ల తరబడి రాలేదు. పాపం, కొంగు నోట్లో కుక్కుకుని మరీ ఏడ్చింది.

ఆ సంబరం మూన్నాళ్ల ముచ్చటే అయింది. గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడు శ్రీహరి మందనంతా అమ్మేసి, చెరువు మూలన నీళ్లలో వల గదులు కట్టి చేపలు పెంచుతున్నాడు. వలల మీద బతికేవాళ్లకు ఆ గదులంటే కంటగింపు. అవి కట్టిన రోజు అందరికంటే పెద్ద గొంతుతో తిట్టింది లింగమ్మే. అంతకుముందు యేడు వానలు మొహం చాటేయడంతో ఇప్పుడు ఆ మూల నీళ్లు మోకాలి కిందికి దిగాయి.

"అక్కా, జర నీ మడుగుల జాగియ్యవే. లేకుంటే నా బతుకు ఖతం," అన్నాడు శ్రీహరి.

లింగమ్మ పోయి చూసింది. గదుల్లో చేపలు నోళ్లు పైకెత్తి కొట్టుకుంటున్నాయి. తిట్టడానికి నోరు రాలేదు.

"సగం నీ గదులకు, సగం నా వలకు. వానలు పడంగనే ఖాళీ జెయ్యాలె," అంది. శ్రీహరి సరేనని మాటిచ్చాడు.

సంఘం పెద్ద బక్కయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఒకపారి ఆడ పాతుకుంటే ఆ పిలగాడు కదుల్తడా? వచ్చే యేడు మడుగు ఎవలికొస్తే ఏం లాభం?" ఆయన భయమూ తప్పు కాదు.

"కదలకపోతే నా ఇంటి బెండు ఇగ ఎన్నడూ కుండల ఎయ్యకుండ్రి మామా," అంది లింగమ్మ.

చెరువులో వంతు పోతే ఆ ఇంటికి మిగిలేదేముంది? ఇంకొకరి మాట మీద తన కూడును పణం పెట్టే గుండె మనలో ఎందరికుంటుంది చెప్పండి!

ఆ వేసవంతా ఆమె ఇంట్లో పచ్చిపులుసు మెతుకులే. శ్రీహరి చేపలు మిర్యాలగూడ బండికెక్కుతుంటే ఆమె గంపలో అడుగు కనిపించేది. నొచ్చుకోలేదంటే అబద్ధం. నొచ్చుకుంది, కానీ మాట తప్పలేదు.

మొదటి వానకు వాగు చెరువులో కలిసిన పొద్దున ఊరంతా కట్ట మీద నిలబడింది. మడుగులో గదులు అలాగే ఉన్నాయి. బక్కయ్య ఆమె వంక చూశాడు. అంతలో తెప్ప మీద తడుస్తూ, గదుల తాళ్లు విప్పుతూ శ్రీహరి కనిపించాడు. పొద్దు గూకేలోపు మడుగు ఖాళీ అయింది.

మరుసటి యేడు బెండ్లు తీసే రోజు లింగమ్మ దూరంగా కూర్చుంది, ఎలాగూ తన బెండు పక్కన పెడతారని. బక్కయ్య దాన్ని పైకెత్తి అందరికీ చూపించి, కుండలో పడేశాడు.

"అదేంది మామా, నాకు పోయినేడే వచ్చింది గదా?"

"ఏడ వచ్చిందే? సగం మడుగు ఇంకొకనికి ఇచ్చినవ్, సగం కడుపుకే తిన్నవ్. నీ వంతు ఇంకా రాలే," అన్నాడు బక్కయ్య.

ఎవ్వరూ కాదనలేదు.