విచారణ గుడి జ్ఞానమ్మ టీచరు

తడి సున్నం వాసన తగిలితే ఇప్పటికీ నా తల వంగిపోతుంది. మొన్న పక్కింటివాళ్ళు గోడలకు సున్నం కొట్టిస్తుంటే చిట్టమూరు దగ్గరి మా ఊరి చర్చి గుర్తొచ్చింది, దానితోపాటు జ్ఞానమ్మ టీచరూ. దొరల కాలపు కట్టడం అది. చుట్టూ వరిమళ్ళు, నడుమ కౌగిటికి అందని తెల్లటి స్తంభాల వరస, వాటి మీద త్రికోణపు నుదురు, అచ్చం కోర్టులాగే ఉండేది. పైగా బోర్డు మీద ‘విచారణ దేవాలయం’ అని రాసి ఉండేది. తప్పు చేసినవాళ్ళను లోపల నిలబెట్టి విచారిస్తారని పదో తరగతి దాకా నమ్మానంటే నా తెలివి ఏపాటిదో చూడండి!

ఆ తెలివితోనే పదో తరగతి తప్పాను. ఆడపిల్లకు చదువెందుకని అంతకుముందే నాన్న రెండుసార్లు నన్ను బడి మాన్పించబోయి, ఎందుకో ఊరుకున్నాడు. ఫలితాలొచ్చిన రోజు ఇంటికి పోయే ముఖం లేక, అప్పుడే సున్నం కొట్టిన ఓ స్తంభం వెనక నక్కాను. మా రైతుల వీధివాళ్ళెవరూ ఆ ఛాయలకు రారని ధైర్యం. భూమిలోకి కుంగిపోవాలన్నంత సిగ్గు. ఇంతలో గుడి ఊడ్చడానికి చీపురుతో జ్ఞానమ్మ టీచరు వచ్చింది. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి, దళితవాడలో ఉండేది.

“ఏందిమ్మా, ఈడ కూర్చోనుండావు?”

“తప్పినాను టీచర్. విచారణ చేసుకోండి,” అని భోరుమన్నాను.

ఆమెకు నవ్వు ఆగలేదు. “నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! మా విచారణంటే అందరి బాగోగులు కనుక్కోవడం తల్లీ. సరే, విచారిస్తా ఉండా, చెప్పు. అన్నం తిన్నావా?”

తన క్యారియరు విప్పి చేపల పులుసు కలిపి పెట్టింది. ఆవురావురుమంటూ తిన్నాను. తర్వాత నన్ను మా వీధి నడిమిగుండానే ఇంటికి తీసుకొచ్చి, గేటు బయటే ఆగింది.

“అన్నా, బిడ్డ మళ్ళీ రాస్తాదిలే. కొట్టబాకండి,” అంది నాన్నతో.

నాన్న “సరేలే” అన్నాడు. హమ్మయ్య, బతికిపోయాననుకున్నాను. ఎండన పడి వచ్చింది కదా, టీచరు మంచినీళ్ళడిగింది. అమ్మ లోపలి గ్లాసు తేలేదు. “గ్లాసు తీసుకో” అని మాత్రం అంది. టీచరు గేటు పక్క గొడ్ల కొట్టం చూరులో దోపిన గ్లాసు తీసి పట్టుకుంటే, అమ్మ తాకకుండా ఎత్తు నుంచి నీళ్ళు పోసింది. టీచరు తాగి, తనే కడిగి, దాన్ని చూరులో దోపేసి వెళ్ళిపోయింది. నేను నోరు మెదపలేదు. ఆ నోట్లో ఆమె పులుసు రుచి ఇంకా ఉంది.

మళ్ళీ రాశాను, ప్యాసయ్యాను, ఉద్యోగమూ చేస్తున్నాను. పరీక్ష తప్పిన సిగ్గు ఏనాడో మరిచిపోయాను. ఇప్పుడు టీచరు లేదు. కానీ ఆ గ్లాసు ఎక్కడుంటుందో ఆమె అమ్మను అడగలేదన్న సంగతి చాలా ఏళ్ళకు గాని నాకు తట్టలేదు. అంటే అంతకుముందూ మా ఇంటికి వచ్చిందన్నమాట. నన్ను బడి మాన్పించొద్దని చెప్పడానికి తప్ప, ఆమెకు మా ఇంట్లో ఏం పని?